ఆదివారం మాత్ర: గుండెపోటుకు సూక్ష్మజీవే కారణమని నమ్ముతున్న భర్త గురించి ఒక ఉత్తరం

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట బయటపెట్టవద్దని కోరారు కాబట్టి కొన్ని ఆనవాళ్లు మార్చి సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 48, భర్త వయసు 53. ఆయన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. సిగరెట్టు, మందు ఎరుగరు. రోజూ తెల్లవారుజామున నడుస్తారు. ఈ ఏడాది ఫిబ్రవరిలో, యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీలు దిగుతున్న రోజుల్లో, ఆయనకు జలుబు, పొడి దగ్గు, ఒళ్లు విరిచేసే నొప్పులతో జ్వరం వచ్చింది. "సీజను వదిలి ఆసుపత్రికి ఎవరు పోతారు" అని ఆయన అంటే ఈమె మిరియాల కషాయం కాచి ఇచ్చి, ఒక జ్వరం మాత్ర వేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. ఆసుపత్రి ఇచ్చిన కాగితాల్లో చెడు కొలెస్ట్రాల్ 162 అని, షుగరు ఉందని రాసి ఉంది. అంతకు ముందు ఆయన ఈ పరీక్షలు ఎప్పుడూ చేయించుకోలేదు. ఆయన తండ్రి కూడా 54వ ఏట గుండెపోటుతోనే పోయారు.

మే నెలలో, మైక్రోబయాలజీ చదువుతున్న చిన్నబ్బాయి సెలవులకు వచ్చి, గుండె రక్తనాళాల పూడికకు ఒక బ్యాక్టీరియా కారణమని చెప్పే పరిశోధనల కాగితాలు కొన్ని తండ్రికి చదివి వినిపించాడు. ఆ తరువాత ఫోనులో అలాంటి వీడియోలు చూడడం ఆయనకు అలవాటైంది. అప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం ఒక అజిత్రోమైసిన్ మాత్ర (బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్ మందు) వేసుకుంటున్నారు. తెలిసిన మందుల దుకాణంవారు చీటీ అడగకుండానే ఇస్తున్నారు. వేసుకున్న ప్రతిసారీ వంటింటి క్యాలెండరు మీద టిక్కు పెడతారట. ఉత్తరం రాసే నాటికి పద్దెనిమిది టిక్కులు ఉన్నాయి. పోయిన నెల ఈమె మల్లెచెట్టు కుండీలో మట్టి గుల్ల చేస్తుంటే సగం కరిగిన తెల్ల మాత్రలు చేతికి తగిలాయి. అవి రాత్రిపూట వేసుకోవలసిన కొలెస్ట్రాల్ మాత్రలు. నిలదీస్తే, "జబ్బు పురుగు వల్ల వచ్చిందని తేలాక కొవ్వు మాత్ర ఎందుకు?" అన్నారట.

ఇంట్లో మరో చిక్కు కూడా ఉంది. సూక్ష్మజీవి మాట విన్న అత్తగారు కొడుకు గ్లాసు, కంచం వేరే గూట్లో బోర్లిస్తున్నారు, మూడేళ్ల మునిమనవడిని అతని ఒళ్లోకి పోనివ్వడం లేదు. ఆమె చెల్లెలు చిన్నతనంలో కీళ్లనొప్పులు వచ్చి, పందొమ్మిదో ఏట గుండె కవాటం (వాల్వు) చెడి చనిపోయింది. "ఆ రోజుల్లో డాక్టరే చెప్పాడు, గొంతు నుంచి గుండెకి దిగిందని" అంటారట. మరిదిగారేమో "జ్వరం వచ్చిన రోజే తీసుకెళ్లి ఉంటే అన్నయ్యకు ఈ గతి పట్టేది కాదు" అని అందరి ముందూ అన్నారు.

ఈమె అడిగినవి ఇవి: అబ్బాయి చెప్పింది నిజమేనా? నా కషాయం వల్లే ఇదంతా జరిగిందా? ఈ జబ్బు అంటుతుందా? మాత్ర పొడి చేసి ఆయనకు తెలియకుండా మజ్జిగలో కలిపి ఇవ్వవచ్చా?

అమ్మా, మీ ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు, ఆలస్యం చేయకూడని పని ఒకటి ఉంది. కుండీలో దొరికినవి కొలెస్ట్రాల్ మాత్రలు మాత్రమేనా, లేక వాటితో పాటు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు కూడా ఉన్నాయా అన్నది ఇవాళే తేల్చుకోండి. స్టెంటు వేసిన మొదటి ఏడాదిలో ఆ రెండో రకం మాత్రలు డాక్టరు చెప్పకుండా మానేస్తే స్టెంటులోనే గడ్డ కట్టి, ఒక్కసారిగా నాళం మూసుకుపోవచ్చు. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టి, కొన్న తేదీతో పోల్చి చూస్తే మీకే తెలిసిపోతుంది. అవి కూడా మానేశారని అనుమానం వస్తే, వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే గుండె డాక్టరుకు ఫోను చేయండి.

ఇక అబ్బాయి సంగతి. అతను అబద్ధం చెప్పలేదు, కట్టుకథా అల్లలేదు. అతను వినిపించిన కథ నిజమే, కాకపోతే అది సగం దగ్గర ఆగిపోయింది. మిగతా సగం మీరూ ఆయనా తెలుసుకోవాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నేను వైద్యం చదివే రోజుల్లో, ఆ తరువాత పాఠాలు చెప్పిన మొదటి సంవత్సరాల్లో కూడా, కడుపులో పుండుకు కారణాలేమిటంటే దిగులు, పులుపు, కారం అనే చెప్పుకునేవాళ్లం. మన గుంటూరు కారానికి అప్పట్లో పడని నింద లేదు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు ఆ పుండు వెనుక హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉందన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. ఏళ్ల తరబడి వేధించే పుండు రెండు వారాల యాంటీబయాటిక్‌తో మానిపోవడం మేము కళ్లారా చూశాం. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మిర్చి మీద పడిన నింద తొలగిపోయిన ఆ కథ మీవారికి చెప్పి చూడండి, ఆయన ఆసక్తిగా వింటారు. అయితే ఈ కథే ఆయన వంటి ఎందరికో, ఎందరో పరిశోధకులకు కూడా, "మరి గుండె జబ్బు వెనుక కూడా ఏదో ఒక పురుగు ఉండకూడదా?" అనే ఆశ కల్పించింది. ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు.

అడగడానికి ఆధారాలు కూడా ఉన్నాయి. 1970 దశకం చివర్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోడిపిల్లలకు మరెక్స్ వ్యాధి వైరస్ ఎక్కించారు. మామూలు మేత తిన్నా సరే, మనుషులకు వచ్చే పూడికల వంటివే వాటి ధమనుల్లో ఏర్పడ్డాయి. (కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కోళ్లఫారం నడిపేవారెవరినైనా అడగండి, హేచరీలో పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే వేసే టీకా ఈ మరెక్స్ జబ్బుకే.) 1988లో ఫిన్లాండ్ పరిశోధకులు, గుండెపోటు వచ్చిన 40 మందిలో 27 మందికి క్లమీడియా న్యుమోనియే అనే బ్యాక్టీరియా తగిలినట్టు రక్తంలో గట్టి గుర్తులున్నాయని, పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్లో 41 మందికి 7గురిలోనే అవి కనిపించాయని ప్రకటించారు. ఇది దగ్గు, నిమోనియా కలిగించే బ్యాక్టీరియా. తరువాత కొందరి ధమనుల పూడికల్లోనే దాని ఆనవాళ్లు దొరికాయి. 1997లో లండన్ నుంచి, అర్జెంటీనా నుంచి వచ్చిన రెండు చిన్న అధ్యయనాల్లో యాంటీబయాటిక్ వాడిన గుండె రోగులకు మేలు జరిగినట్టు కనిపించింది. మీ అబ్బాయి తండ్రికి చదివి వినిపించిన కాగితాలు బహుశా ఇక్కడితో ఆగిపోయి ఉంటాయి.

రక్తంలో గుర్తు ఉన్నంత మాత్రాన జబ్బుకు అదే కారణమని ఎందుకు చెప్పలేమో మీవారికి ఆయన యార్డు భాషలోనే చెప్పవచ్చు. సాయంత్రం యార్డు నుంచి బయటికి వచ్చే ప్రతి మనిషి చొక్కా మీదా కారం పొడి ఉంటుంది, అంతమాత్రాన టిక్కీలో సరుకు తీసినవాడెవడో తేలదు. ఈ బ్యాక్టీరియా కూడా అంతే. పెద్దవయసు వచ్చేసరికి సగానికి పైగా మనుషులకు అది ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది, గుండె జబ్బు ఉన్నవారికీ లేనివారికీ కూడా. అది పూడికను పుట్టించిందా, ముందే ఏర్పడిన పూడికలో వచ్చి తలదాచుకుందా అన్నది తేలాలంటే, మందుతో దాన్ని కొట్టి చూడాలి.

అలా కొట్టి చూశారు కూడా. గుండెపోటు వచ్చి తేరుకున్న 7,700 మందికి పైగా రోగుల మీద, కొందరికి అజిత్రోమైసిన్, కొందరికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి మూడు నెలలు నడిపిన అధ్యయనం 2003లో వెలువడింది. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "మూడు నెలలు చాలదేమో" అన్న అనుమానం మిగిలింది కాబట్టి, గుండె జబ్బు నిలకడగా ఉన్న 4,012 మందికి వారానికి ఒక మోతాదు చొప్పున ఒక సంవత్సరం పాటు అజిత్రోమైసిన్ ఇచ్చి, దాదాపు నాలుగేళ్లు గమనించారు. దాని ఫలితం 2005లో వచ్చింది. ఇది మీ క్యాలెండరు మీది టిక్కుల లెక్కే, వారానికొకటి, ఏడాదంతా. మందు వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ గుండెపోట్లలో గాని మరణాల్లో గాని తేడా లేదు. డెన్మార్క్‌లో ఇదే జాతికి చెందిన క్లారిత్రోమైసిన్‌ను 4,373 మంది మీద కేవలం రెండు వారాలు పరీక్షించారు. మేలు జరగకపోగా, మూడేళ్లలో మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ మంది చనిపోయారు. ఆ మందు గురించి 2018లోను, అంతకు ముందు 2013లో అజిత్రోమైసిన్ వల్ల గుండె లయ తప్పే ప్రమాదం గురించి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలు చేసింది.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ అధ్యయనాలు "సూక్ష్మజీవులకు గుండె జబ్బుతో ఏ సంబంధమూ లేదు" అని రుజువు చేయలేదు. ఆ బ్యాక్టీరియా కణాల్లో నక్కి, మందు తగలని స్థితిలో ఉండిపోవచ్చు, లేదా చేయవలసిన చెరుపు ముప్ఫై ఏళ్ల క్రితమే చేసి పోయి ఉండవచ్చు. అవి రుజువు చేసింది ఒక్కటే: స్టెంటు దాకా వచ్చిన మనిషికి ఈ యాంటీబయాటిక్‌లు గుండెపోటును ఆపలేవు. ప్రశ్న ఇంకా బతికే ఉంది, ఆ మాత్ర మాత్రం పరీక్షలో నెగ్గలేదు. మీ అబ్బాయికి చదువులో ముందుముందు ఎంతో పనికొచ్చే తేడా ఇది.

అదే తక్కెడలో కొలెస్ట్రాల్ మాత్రను కూడా పెట్టి చూడాలి. స్కాండినేవియా దేశాల్లో, గుండె జబ్బు ఉన్న 4,444 మంది మీద సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందును అయిదేళ్లకు పైగా పరీక్షించి, 1994లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, మందు వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. వారానికొక అజిత్రోమైసిన్ ఇచ్చిన అధ్యయనంలోను, దీనిలోను రోగుల సంఖ్య ఇంచుమించు ఒకటే, జబ్బూ ఒకటే, పరీక్షించిన పద్ధతీ ఒకటే. ఒకటి నిలబడింది, మరొకటి నిలబడలేదు. మీవారు కుండీలో పడేసింది నిలబడిన మందును, పద్దెనిమిది వారాలుగా టిక్కు పెట్టుకుంటున్నది నిలబడని మందుకు. నాకు నిజంగా బాధ కలిగించిన సంగతి ఇదే. స్టెంటు ఒక చోట ఉన్న ఇరుకును తెరుస్తుంది. మిగతా ధమనుల గోడల్లో ఉన్న మెత్తని పూడికలను గట్టిపరిచి, పగలకుండా కాపాడేది ఆ రాత్రిపూట మాత్రే.

కషాయం సంగతి చివరికి వాయిదా వేయడం నాకు ఇష్టం లేదు. ఉత్తరంలో ఆ పేరా దగ్గర మీరు సిరా మార్చి రాశారు, అంటే ఒకసారి ఆపి, మళ్లీ కూర్చుని రాశారన్నమాట. ఫ్లూ జ్వరానికీ గుండెపోటుకూ సంబంధం ఉన్నది నిజమే, దాన్ని మీ దగ్గర దాచను. బ్రిటన్‌లో వైద్యుల రికార్డులు పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో, శ్వాసకోశ ఇన్ఫెక్షన్ వచ్చిన మొదటి మూడు రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు అయిదు రెట్లు ఉన్నట్టు తేలింది. కెనడా నుంచి 2018లో వచ్చిన మరో అధ్యయనం, పరీక్షలో ఫ్లూ అని నిర్ధారణ అయినవారికి మొదటి వారంలో అది ఆరు రెట్లని చెప్పింది. జ్వరంలో గుండె వేగంగా కొట్టుకోవాలి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఒళ్లంతా రేగిన వాపు వల్ల ముందే ఉన్న పూడిక పైపొర చిట్లుతుంది.

"ముందే ఉన్న పూడిక" అన్న మాటను గమనించండి. 162 కొలెస్ట్రాలు, ఎవరికీ తెలియని షుగరు, 54 ఏళ్లకే తండ్రిని తీసుకుపోయిన వారసత్వం కలిసి దాన్ని పాతికేళ్లుగా పేర్చుకుంటూ వచ్చాయి. ఆ వారం జ్వరం చివరి తోపు తోసి ఉండవచ్చు, తోసిందని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఆరు రెట్లన్నది వినడానికి భయంకరంగా ఉంటుంది గాని, ఏ ఒక్క వారంలోనైనా ఒక మనిషికి గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో చిన్నది. ఆ చిన్నదానికి ఆరు రెట్లు వేసుకున్నా, ఫ్లూ వచ్చిన వేలమంది కషాయం తాగి వారం తిరక్కుండా లేచి తిరుగుతూనే ఉన్నారు. జ్వరం వచ్చిన రోజే మీరు ఆయన్ని కొత్తపేటలోని ఏ డాక్టరు దగ్గరకు తీసుకుపోయినా, ఛాతీనొప్పి లేని, నడిచి వచ్చిన మనిషికి చాలావరకు ఆ జ్వరం మాత్రే రాసి విశ్రాంతి తీసుకోమని పంపేవారు. మీ మరిదిగారు అన్నని పోగొట్టుకుంటానేమోనన్న భయంతో ఆ మాట అని ఉంటారు. అయినా ఆ మాట తప్పు. ఈ పేరాను ఆయనకు చూపించండి.

ఆ సంబంధమే రాబోయే కాలానికి మంచి కబురు కూడా. గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోపే ఫ్లూ టీకా వేసి చూసిన అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ సహా ఎనిమిది దేశాల్లో, 2,500 మందికి పైగా రోగుల మీద జరిగింది. ఏడాది తిరిగేసరికి మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంటులో గడ్డ వంటివి ఉత్తుత్తి సూది వేసినవారిలో నూటికి 7.2 మందికి, టీకా వేసినవారిలో 5.3 మందికి వచ్చాయి. టీకా వేస్తే గుండెపోటు వస్తుందని మీవారు విన్న వీడియో గురించి రాశారు. నేను పైన చెప్పిన 2004 నాటి బ్రిటన్ అధ్యయనమే ఆ కోణాన్ని కూడా చూసి, ఫ్లూ టీకా తరువాతి రోజుల్లో గుండెపోటు ముప్పు పెరగలేదని తేల్చింది. ఇన్ఫెక్షన్‌కూ గుండెకూ సంబంధం ఉందని అంత గట్టిగా నమ్మే మనిషి చేయించుకోవలసిన మొదటి పని ఆ టీకా, ప్రతి ఏటా.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆమె చెల్లెలి విషయంలో ఆ డాక్టరు చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని రుమాటిక్ జ్వరం అంటారు. చిన్నపిల్లల గొంతులో స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా చేరి, తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లు వాచి, ఆ వెనుకే కవాటాలు చెడతాయి. "కీళ్లను నాకి గుండెను కరుస్తుంది" అని మాకు తరగతిలో చెప్పేవారు. మూడు నాలుగు వారాలకొకసారి ఏళ్ల తరబడి పెన్సిలిన్ సూది వేయించుకునే పిల్లలు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఉన్నారు. అక్కడ యాంటీబయాటిక్‌ది నిజంగా ప్రాణం నిలిపే పని. కాని ఆమె కొడుక్కి వచ్చినది ఆ జబ్బు కాదు. ఆ అమ్మాయికి చెడింది కవాటం, ఈయనకు పూడింది రక్తనాళం. పూడిక గ్లాసు ద్వారా, కంచం ద్వారా, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ద్వారా అంటదు. పందొమ్మిదేళ్ల చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి అన్నాళ్ల తరువాత గ్లాసు వేరు చేయడం వెనుక ఏముందో మీకు తెలుసు. ఆమె పక్కన కూర్చుని, "మీరన్నది మీ చెల్లెలి విషయంలో నిజమే అత్తయ్యా" అని మొదలుపెడితే మిగతాది ఆమె వింటారు. నిజానికి పాటించవలసిన జాగ్రత్త దీనికి తలకిందులు: మనవడికి దగ్గు, జలుబు ఉన్నప్పుడు ఆ వారం తాతకు దూరంగా ఉంచాలి, తాత కోసం. మిగతా రోజుల్లో ఒళ్లోనే ఉండనివ్వండి.

ఇక మీవారి సంగతి. సిగరెట్టు ముట్టని, రోజూ నడిచే మనిషికి గుండెపోటు వస్తే, "నేనేం తప్పు చేశానని?" అన్న ప్రశ్న మందుల డబ్బా కంటే బరువుగా ఉంటుంది. కొలెస్ట్రాల్ అన్నప్పుడల్లా ఆయనకు "నీ తిండి, నీ నిర్లక్ష్యం" అని వినిపిస్తుంది. పురుగు అంటే ఆ నింద తొలగిపోతుంది. అందుకే ఆదివారం టిక్కు ఆయనకు అంత ముఖ్యం. కొలెస్ట్రాలు ఎక్కువగా ఉండడం ఆయన చేసిన తప్పు కాదని, దానిలో పెద్ద వంతు తండ్రి నుంచి వచ్చినదేనని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. మన దేశపు మనుషులకు గుండెపోటు ఇతర దేశాలవారి కంటే కొన్నేళ్లు ముందుగానే వస్తుందని పెద్ద అధ్యయనాలు చూపాయి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంత మేరకు చెబుతాను. మజ్జిగలో కలపడం మాత్రం వద్దు. ఒకనాడు అది బయటపడుతుంది, ఆ తరువాత మీ చేతి అన్నాన్నే ఆయన అనుమానంగా చూస్తారు, మిగతా మాత్రలు కూడా కుండీలోకి పోతాయి. పైగా ఆయన ఏం మింగుతున్నారో డాక్టరుకు తెలియకుండా పోతుంది. ఇదే జాతి యాంటీబయాటిక్‌లలో క్లారిత్రోమైసిన్ వంటిది కొన్ని కొలెస్ట్రాల్ మందులతో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ తెలియకపోవడం చిన్న విషయం కాదు.

ఆయనకు చెప్పకుండా మీరే వెళ్లి డాక్టరుకు అంతా చెప్పడం రెండో దారి. పని త్వరగా జరుగుతుంది, అవసరమైతే ఇ.సి.జి. తీసి చూస్తారు. కాని తన మీద చాడీ చెప్పారన్న భావన ఆయనలో మిగులుతుంది. "నేను డాక్టరుకు చెప్పబోతున్నాను, మీరే చెబితే ఇంకా మంచిది" అని ముందే అనండి. దానికి ఆయన కోప్పడవచ్చు, ఆ కోపం ఒకటి రెండు రోజులది.

మూడో దారి మీ అబ్బాయి. 2003 నుంచి 2006 వరకు వచ్చిన ఆ పెద్ద అధ్యయనాలు అతన్ని చదవమనండి, చదివాక తండ్రికి తానే చెప్పమనండి. ఆయన వినే గొంతు అదొక్కటే. ఇందులో ఉన్న ప్రమాదం, తండ్రి మందు మానడానికి తానే కారణమయ్యానని పిల్లవాడు కుంగిపోవచ్చు. "నువ్వు తెచ్చిన ప్రశ్న మంచిదే, ఆ తరువాతి కాగితాలు కూడా తెచ్చి ఇవ్వు" అని మీరు అతనికి చెప్పే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. వాళ్లిద్దరినీ అందరి ముందు కూర్చోబెట్టి తేల్చమనకండి.

నాలుగోది బేరం. ఆయన బేరాలాడే మనిషే కదా. పురుగు సిద్ధాంతాన్ని ఆయన వదులుకోనక్కర లేదు. ఆదివారం మాత్ర ఆపేస్తారు (దాన్ని ఒక్కసారిగా ఆపినా ఏమీ కాదు), రాత్రి మాత్ర మళ్లీ మొదలుపెడతారు, డాక్టరు చెప్పిన గడువుకు, సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లోపు, రక్తపరీక్ష చేయిస్తారు. సరైన మోతాదులో ఆ మందు చెడు కొలెస్ట్రాలును దాదాపు సగానికి తగ్గించగలదు. ఆయన వంటి రోగికి అది 70 కంటే, వీలైతే 55 కంటే తక్కువ ఉండాలి. 162 ఉన్న చోట ఆ అంకె కాగితం మీద కనిపిస్తే, ఆయనకు నా మాటల కంటే అదే నచ్చుతుంది. ప్రతిగా, ఇన్ఫెక్షన్ వైపు నుంచి నిజంగా చేయదగినవి మీరు చేయిస్తారు, అంటే ఫ్లూ టీకా, చిగుళ్ల వైద్యం. ఈ బేరంలో ఆయన నమ్మకం అలాగే ఉండిపోతుంది, అది మీకు అసంతృప్తిగా ఉండవచ్చు. ఉండనివ్వండి, నమ్మకం వల్ల ధమని పూడదు. నన్నడిగితే మూడు, నాలుగు కలిపి నడిపిస్తాను, రెండోది మాత్రం వాటికోసం ఆపను.

చిగుళ్ల మాట మీరు ఉత్తరం అంచున ఒక్క వాక్యంలో రాశారు, పళ్లు తోముకుంటే రక్తం వస్తోందని. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించడం నిజమే గాని, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు తగ్గుతుందని ఇంకా రుజువు కాలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో సరిగ్గా ఇదే చెప్పింది. అయినా షుగరు ఉన్న మనిషికి చిగుళ్ల వైద్యం ఎలాగూ అవసరమే. ఆయనకు వస్తున్న రక్తంలో కొంత, గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల వల్ల కూడా కావచ్చు. పళ్ల డాక్టరుకు స్టెంటు సంగతి మొదటే చెప్పండి, పన్ను తీయడం కోసమని ఆ మాత్రలు ఆపమని ఎవరైనా అంటే, గుండె డాక్టరుతో మాట్లాడే దాకా ఆపవద్దు.

మీ ఇద్దరబ్బాయిలకూ, అమ్మాయికీ ఈ ఏడాదే ఒకసారి కొలెస్ట్రాలు, షుగరు, బి.పి. పరీక్షలు చేయించండి. తాత 54వ ఏట, తండ్రి 53వ ఏట అంటే వాళ్లకు ఆగడానికి కారణం లేదు.

వచ్చే నెల డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక చీటీ రాసుకుని వెళ్లండి. కొలెస్ట్రాల్ మాత్ర ఏ తేదీ నుంచి మానేశారు, అజిత్రోమైసిన్ ఎన్ని వేసుకున్నారు (క్యాలెండరు కాగితాలే చించి తీసుకెళ్లినా సరే), ఆ రోజుల్లో గుండె దడగా గాని, కళ్లు తిరిగినట్టు గాని అనిపించిందా, ఫ్లూ టీకా ఎప్పుడు వేయించాలి, చిగుళ్ల వైద్యానికి ఎప్పుడు వెళ్లవచ్చు. దడ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో బరువుగా అనిపించినా చీటీ సంగతి తరువాత, వెంటనే 108కి ఫోను చేయండి. ఆ చీటీ ఆయన చేతనే రాయించగలిగితే మరీ మంచిది.